లంకల్లో వంటిల్లున్న ఇల్లు, మడ అడవిలో పిట్టలు: మూడు రాత్రులకు ఏర్పాటు ఎలా?

భాగ్యనగరం_బాటసారి | డిసెంబరు 4, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మేం నలుగురం, అందరం పెద్దవాళ్లమే. జనవరిలో, పుష్య అమావాస్యకు రెండు రోజుల ముందు కాకినాడ - కోనసీమ వైపు గోదావరి లంకల్లో దిగి మూడు రాత్రులు ఉందామని. హోటలు వద్దు. ఊరికి కాస్త ఎడంగా, నీటి ఒడ్డున, మేమే వండుకునేలా వంటిల్లున్న ఇల్లు కావాలి. చూడాలనుకున్నవి వలస పిట్టలు, నీటికుక్కలు, కుదిరితే చేపలు పట్టే బావురుపిల్లి, సముద్రపు తాబేళ్లు. కాకినాడ ఎదుట సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ మీదే గుడారం వేసుకుంటే? ఏం మోసుకురావాలి, ఏం అక్కడే దొరుకుతాయి?

పాత_సరంగు | డిసెంబరు 4, రాత్రి 9.48

గుడారం మాట మర్చిపోండి. అటవీశాఖ అనుమతి లేకుండా కోరంగి అభయారణ్యంలో అడుగు పెట్టడమే కుదరదు, రాత్రి మకాం మాట దేవుడెరుగు. అనుమతి సంగతి పక్కన పెట్టినా హోప్ ఐలాండ్ అంటే ఇసుక తిన్నె. గోదావరి తెచ్చిన ఇసుకను కెరటాలు తోసుకుంటూ వచ్చి గత రెండొందల ఏళ్లలో పేర్చిన నాలుక అది, పొడవు 16 కి.మీ. పైమాటే. దానివల్లే కాకినాడ రేవుకి అలల దెబ్బ తగలదు. మరి ఆ దెబ్బంతా తినేది ఆ తిన్నేగా! గాలికి అడ్డం ఉండదు, మేకు దిగితే పట్టు ఉండదు. పగలు వెళ్లి పగలే రండి.

ఎదుర్లంక_వారధి | డిసెంబరు 4, రాత్రి 10.15

మకాం ఎక్కడన్నది ముందు తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే. నా ఓటు యానాం, తాళ్లరేవు చుట్టుపక్కల ఊళ్లకు. కోరంగి మడ అడవి అరగంట లోపే. ఎదుర్లంక వంతెన దాటితే కోనసీమ. ఒక రోజు ఇటు, ఒక రోజు అటు తిరగొచ్చు.

సముద్రం హోరు వినాలంటే ఓడలరేవు, ఎస్.యానాం వైపు సరుగుడు తోటల దగ్గర చూడండి. అక్కడ గాలి మాత్రం గట్టిది. దిండి వైపు పర్యాటక శాఖ వసతీ, హౌస్‌బోట్లూ ఉన్నాయి. అది వశిష్ఠ అనే గోదావరి పాయ ఒడ్డున తీపినీటి కొబ్బరి తోటల సీమ, మడ అడవి కాదు. మీరడిగిన జంతువులకి అది దూరం.

రైలు అమలాపురం దాకా రాదండి. కాకినాడలోనో రాజమండ్రిలోనో దిగి కారు మాట్లాడుకోండి. నరసాపురంలో దిగితే సఖినేటిపల్లికి పంటు (బల్లకట్టు లాంటి పడవ) మీద గోదావరి దాటాలి.

ఒక హెచ్చరిక. మీరు చెప్పిన అమావాస్యే చొల్లంగి అమావాస్య. ఆ రోజు తెల్లవారుజాము నుంచి కాకినాడ - యానాం రోడ్డు చొల్లంగి దగ్గర స్నానాలకొచ్చే జనంతో నిండిపోతుంది. కోరంగి పని ముందు రోజే ముగించేయండి.

వంటసామాను | డిసెంబరు 5, ఉదయం 6.30

వంట సంగతి నేను చెప్తాను. ఇంటివాళ్లని ఫోన్లో ఈ నాలుగూ అడగండి: పొయ్యి ఎన్ని బర్నర్లు, సిలిండరులో ఎంత ఉంది, తాగే నీళ్లు ఎక్కడివి, వంటింటి కిటికీ ఏ దిక్కు. చివరిది వింతగా అనిపించొచ్చు. తూర్పు, దక్షిణం కిటికీ అయితే పదకొండు దాటాక సముద్రపు గాలి నేరుగా పొయ్యి మీదికి కొడుతుంది. మంట పక్కకు వాలి గిన్నె అంచు మాడుతుంది, నడుమ ఉడకదు. ఒక్కోసారి మంట ఆరిపోయి గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. కిటికీ మూసి అవతలి తలుపు తీసి పెట్టుకోవాలి. పొయ్యికి మూడు వైపులా రేకు అడ్డం పెట్టొచ్చు గానీ సిలిండరు, రబ్బరు గొట్టం రేకుకి బయటే ఉండాలి. లోపల చిక్కుకుంటే వేడెక్కుతాయి.

గ్యాసు లెక్క: మామూలు బర్నరు గంటకి నూట యాభై గ్రాముల పైచిలుకు తాగుతుంది. రోజుకి రెండు బర్నర్లూ కలిపి నాలుగు గంటలు వెలిగినా మూడు రోజులకి రెండు కేజీలు చాలు. 5 కేజీల చిన్న సిలిండరు పుష్కలం. ఆర్టీసీ బస్సులో, రైల్లో సిలిండరు ఎక్కనివ్వరు. అక్కడే ఏర్పాటు చేయించుకోండి.

నీళ్లు: మనిషికి తాగడానికి 3 లీటర్లు, వంటకి 2. నలుగురికి రోజుకి 20 లీటర్లు, అంటే ఒక డబ్బా. మూడు డబ్బాలు, పైన ఒకటి. బోరు నీళ్లతో గిన్నెలు కడగండి, స్నానం చేయండి. పప్పు మాత్రం డబ్బా నీళ్లతోనే వేయండి. ఆ కఠిన జలంలో కందిపప్పు కుక్కరుకి ఎన్ని కూతలు వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గింజ పైపొరని గట్టిపరుస్తాయి. ఎందుకొచ్చిన గొడవ అనుకుంటే పెసరపప్పు పట్టుకెళ్లండి.

పెంకుటిల్లు | డిసెంబరు 5, ఉదయం 7.05

వంటసామాను గారు, బోరు గురించి ఇంకో ముక్క. తీరంలో ఇసుక కింద తీపినీళ్లు ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతుంటాయి. మోటారు ఒక్క ఊపున గంటసేపు వేస్తే కిందున్న ఉప్పు పైకి లాక్కొస్తుంది. పొద్దున తియ్యగా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి ఉప్పనయ్యేది అందుకే. పావుగంట వేసి ఆపి, కాసేపయ్యాక మళ్లీ వేయాలి.

ఇల్లు తాటాకుదైతే కట్టెల పొయ్యి జోలికి పోవద్దు. పెంకుటింట్లో కూడా గాలి లేచేలోపు, అంటే పదకొండు లోపు, కట్టెల వంట ముగించి నిప్పుల మీద నీళ్లు చల్లేయాలి. కొబ్బరి డొక్క నిప్పురవ్వ ఎగిరి పక్కింటి కప్పు మీద పడితే ఊరంతా పరిగెత్తాలి. కట్టెలు కొంటే సరుగుడు కొనండి. మడ కట్టె ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా వద్దు. అభయారణ్యంలో కొట్టడం నేరం. పైగా అందులో తిల్ల అనే మడ చెట్టు కట్టె కలిసి వస్తే దాని పొగ కళ్లలో మంట పుట్టిస్తుంది. తిల్ల పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. పడవలో వెళ్తూ కొమ్మలు విరిచే అలవాటున్నవాళ్లకి ముందే చెప్పండి.

పిట్టల_డైరీ | డిసెంబరు 5, ఉదయం 8.20

అసలు సంగతికి వద్దాం. డెల్టాలో పిట్టల్ని చూడాలంటే గడియారం కాదు, పోటు చూసుకోవాలి. పోటంటే సముద్రపు నీరు ఎక్కడం, పాటంటే తీయడం.

పాటు బాగా తీసినప్పుడు బురద మైళ్ల దూరం బయటపడుతుంది. ఉల్లంకులన్నీ (బురదలో మేసే ఒడ్డు పిట్టలు) తిండికోసం ఆ మేరా చెదిరిపోతాయి. మీకు కనిపించేవి చుక్కలే. నీరు ఎక్కేకొద్దీ వాటికి మేత నేల తగ్గి, ఒడ్డుకి దగ్గరగా, ఎత్తైన ఇసుక మీదికి గుంపులుగా చేరతాయి. పోటు నిండడానికి రెండు గంటల ముందు నుంచి, నిండాక అరగంట దాకా, అదే అసలు సమయం. ముందే వెళ్లి కూర్చోవాలి. గుంపు చేరాక నడుచుకుంటూ వెళ్తే లేచిపోతాయి. వేల మైళ్లు ఎగిరొచ్చినవి, ఒక్కసారి లేపితే వాటి ఒంట్లో కొవ్వు అంత కరిగినట్టే.

కాకినాడకి దక్షిణాన కుంభాభిషేకం రేవు ఇసుక మీద శీతాకాలం ఇండియన్ స్కిమ్మర్లు దిగుతాయి. నారింజ రంగు ముక్కు, కింది దవడ పై దవడ కంటే పొడుగు. ప్రపంచంలోనే అరుదైపోతున్న పిట్ట. గ్రేట్ నాట్, కర్ల్యూ, శాండ్ ప్లోవర్లూ ఆ తీరం పిట్టలే. మడ కాలవల్లో నల్లతల లకుముకి, నత్తగుల్ల కొంగలు, గరుడ పక్షి.

దుర్భిణి 8x42, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, చాలు. 10x పట్టుకుంటే గాలికి చెయ్యి వణికి బొమ్మ నిలవదు. స్కోపు (ఒంటి గొట్టం దుర్భిణి) తెచ్చుకుంటే ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా చాపొద్దు. నేల మీద కూర్చుని చూసే ఎత్తులో పెట్టి, నడిమి కొక్కేనికి ఇసుక నింపిన సంచి వేలాడదీయండి. సంచి గాలికి ఊగకుండా అడుగు నేలకి తగిలేలా ఉండాలి.

వెలుతురు: ఇటు ఒడ్డు నుంచి తూర్పుకి చూస్తారు కాబట్టి పొద్దున సూర్యుడు ఎదురు, పిట్టలన్నీ నల్లటి నీడలే. సాయంత్రం మూడున్నర తర్వాత సూర్యుడు మీ వెనక. సాయంత్రం పోటు దొరికితే వదలొద్దు. మధ్యాహ్నం ఎండకు గాలి మరుగుతున్నట్టు ఆడుతుంది, అప్పుడు స్కోపు దండగ.

భాగ్యనగరం_బాటసారి | డిసెంబరు 5, మధ్యాహ్నం 1.15

పోటు ఎప్పుడో ఎలా తెలుస్తుంది? రోజూ ఒకే టైమా?

పాత_సరంగు | డిసెంబరు 5, మధ్యాహ్నం 2.40

కాదండి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పోటుకీ సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ ఉదయం 8కి నిండితే రేపు 8.50కి, ఎల్లుండి 9.40కి. వారం తిరిగేసరికి పోటు ఉన్న వేళకి పాటు వస్తుంది. అమావాస్య, పున్నమి అయిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా ఎక్కుతుంది, బాగా తీస్తుంది, కాకినాడ దగ్గర మీటరు పైచిలుకు. అష్టమి, నవమి నాటికి అందులో సగం కూడా ఉండదు. మీది అమావాస్య వారం కాబట్టి పోటుపాట్లు గట్టివి. పిట్టలకి మంచిది, పడవకి జాగ్రత్త.

కచ్చితమైన టైములకి సర్వే ఆఫ్ ఇండియా పట్టికలు ఉన్నాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వెబ్‌సైట్లో పోటు సమయాలూ, అలల ఎత్తూ రెండూ చూడొచ్చు. కాకినాడ టైము తీసుకోండి. కాలవల్లో లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యం. ఎంతన్నది ఆ ఊరి పడవవాళ్లనే అడగాలి.

ఇంకోటి. ఆరు గంటల్లో నీరు ఒకే తీరుగా ఎక్కదు. మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఆ తర్వాత రెండు, ఒకటి. 120 సెంటీమీటర్ల పోటైతే మూడో గంటలో ఒక్కసారిగా 30 సెంటీమీటర్లు వస్తాయి. చదునైన బురద మీద ఆ జానెడు నీరే చాలా దూరం పాకుతుంది. మీరు నిలబడ్డ దిబ్బకీ ఒడ్డుకీ నడుమ కాలవ ముందు నిండిపోతుంది. వెనక్కి చూడకుండా పిట్టల్నే చూస్తూ కూర్చున్నవాళ్లు చిక్కుకునేది అక్కడే.

మొగ_దాటినవాడు | డిసెంబరు 5, సాయంత్రం 5.05

పడవ గురించి. మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. భైరవపాలెం మొగ దగ్గర గానీ మరే మొగ దగ్గర గానీ, పాటు సముద్రంలోకి లాగుతున్నప్పుడు సముద్రం నుంచి గాలి ఎదురైతే కెరటాలు పొట్టిగా, నిట్టనిలువుగా లేస్తాయి. కింద ఇసుక మేట వేసి ఉంటుంది కాబట్టి అక్కడే విరుగుతాయి. పొద్దున గాలి పడి ఉన్నప్పుడు బయల్దేరి, పదిన్నరకి లోపలి కాలవల్లోకి వచ్చేయాలి.

ఎక్కేముందు చూడాల్సినవి: తలకొక లైఫ్ జాకెట్, అది కింద పరుచుకుని కూర్చోడానికి కాదు, పట్టీలు బిగించుకోడానికి. ఇంజను ఆగితే తోయడానికి గెడలు రెండు. లంగరు, తాడు. పాటు అడుగంటే వేళకి కాలవ చివరికి వెళ్లొద్దు. పడవ బురదలో కూర్చుంటే మళ్లీ పోటు వచ్చేదాకా నాలుగైదు గంటలు ఎండలో కూర్చోవాల్సిందే. 2019 సెప్టెంబరులో ఎగువన కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన సంగతి ఎవరూ మర్చిపోలేదు కదా. జాకెట్టు వద్దు అనే పడవ దిగేయండి, మొహమాటం వద్దు.

బురదకాళ్లు | డిసెంబరు 5, సాయంత్రం 6.30

చెప్పులు బురదలో దిగితే కాలు వస్తుంది, చెప్పు రాదు. లేసులు బిగించిన పాత కాన్వాస్ బూట్లు వేసుకోండి. వట్టి కాళ్లు అసలొద్దు, మడ చెట్ల వేర్లు సూదుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి, వాటిని పట్టుకున్న గుల్లలు బ్లేడుల్లా కోస్తాయి. మోకాలి దాకా కూరుకుపోతే గట్టిగా లాగకండి, రెండో కాలు ఇంకా దిగుతుంది. వెనక్కి వాలి కూర్చుని, బరువు పరిచి, కాలు అటూ ఇటూ కదిపి గాలి చొరబడనిస్తే వదులవుతుంది.

లోతు తక్కువ నీళ్లలో అడుగు ఎత్తి వేయకండి, ఈడుస్తూ నడవండి. ఇసుకలో దాగిన టేకు చేప ఆ కదలికకి తప్పుకుంటుంది, తొక్కితే తోక ముల్లు దించుతుంది. దిగితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టండి, నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత ఆస్పత్రికి, ముల్లు ముక్క లోపల ఉండిపోతే చీము పడుతుంది.

బావురుపిల్లి | డిసెంబరు 5, రాత్రి 8.50

నా పేరు చూసి ఆశ పెట్టుకోకండి 😀 బావురుపిల్లి మూడు రాత్రుల్లో కనపడితే లాటరీ. రాత్రి తిరిగే జంతువు. పాటు తీసి కాలవ గట్టు బయటపడ్డప్పుడు చేపల కోసం అంచుకి దిగుతుంది. పొద్దునే వెళ్తే ఆ తడి బురద మీద పాదముద్రలు చదవచ్చు. కుక్క అడుగైతే గోళ్ల గుర్తులు ఎప్పుడూ స్పష్టంగా పడతాయి. దీనికి గుండ్రటి అడుగు. అయితే దీని గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, మెత్తటి బురదలో చిన్న గోటి గుర్తు కనపడొచ్చు. అందుకే గోళ్లొక్కటే చూసి కుక్క అని కొట్టిపారేయకండి.

నీటికుక్కలు దొరికే అవకాశం ఎక్కువ. పగలూ తిరుగుతాయి, కుటుంబంగా ఈదుతాయి. గట్టు మీద చేప పొలుసులు, పీత డిప్పల ముక్కలతో నీచు వాసన వేసే పెంట కనపడితే అది వాటి మరుగుదొడ్డి. రోజూ అక్కడికే వస్తాయి. దానికి ఎగువన ఇంజను ఆపించి, పాటుతోపాటు పడవని జారనివ్వండి. నిలబడొద్దు, వేలు చూపించొద్దు.

కోరంగిలో అటవీశాఖ వేసిన చెక్కల బాట మీద నడిస్తే మడ చెట్లు, బురద మీద గెంతే చేపలు, ఎర్ర డెక్క పీతలు దగ్గరగా కనపడతాయి. అది పొద్దెక్కాకే తెరుస్తారు, సెలవు రోజుల్లో కోలాహలం. జంతువులకి కాదు, చెట్లు గుర్తుపట్టడం నేర్చుకోడానికి వెళ్లండి.

వంటసామాను | డిసెంబరు 5, రాత్రి 9.20

చేపలు, పీతలు అక్కడే కొనుక్కోండి. రేవుకి పడవలొచ్చే వేళకి వెళ్లాలి. మండపీత కాళ్లు కట్టి ప్రాణంతో ఉన్నదే కొనండి. పొట్ట వైపు డొప్ప నొక్కితే లోపలికి పోయిందంటే ఈమధ్యే గుల్ల మార్చుకుంది, లోపల కండ ఉండదు, నీళ్లే. ఒకే సైజువి రెండు చేతుల్లో తూచి బరువైంది తీసుకోండి. మంచుగడ్డ చేపకి సమానంగా, కేజీకి కేజీ. థర్మోకోల్ పెట్టెలో ఒక వరస మంచు, ఒక వరస చేప. కరిగిన నీరు పోయేలా అడుగున బెజ్జం ఉండాలి.

ఊరి కొట్లో బియ్యం, నూనె, గుడ్లు, ఉల్లిపాయలకి లోటుండదు. అగ్గిపెట్టెలు మాత్రం సీసాలో మూత బిగించి పెట్టుకోండి. ఉప్పుగాలికి పుల్ల వెలగదు. అప్పడాలు వేయించిన గంటకే మెత్తబడతాయి, వాటి మీద ఆశ వదులుకోండి.

ఈదురుగాలి | డిసెంబరు 5, రాత్రి 10.02

> అప్పడాలు వేయించిన గంటకే మెత్తబడతాయి

ఆయ్, ఇదొక్కటి చాలు ట్రిప్పు మానేయడానికి!

పెంకుటిల్లు | డిసెంబరు 6, ఉదయం 6.50

నవ్వులాటకేం గానీ, రాత్రి సంగతి. నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రిళ్లు ఇళ్లలోకి వస్తుంది, కాటు నొప్పి కూడా తెలియదు. మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కింద చుట్టూ దోపాలి. వేలాడేసి వదిలేస్తే దోమలకీ అడ్డం కాదు, పాముకీ కాదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనపడితే కాటు గుర్తు లేదని ఆగకండి. 108కి ఫోన్ చేసి కాకినాడో అమలాపురమో, ఏది దగ్గరైతే అక్కడికి. నాటు వైద్యం అని దారిలో ఆగొద్దు.

తాబేలు_కాపు | డిసెంబరు 6, ఉదయం 9.15

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరిలో మొదలై ఫిబ్రవరి, మార్చిలో ఎక్కువగా గుడ్లు పెడతాయి. మీకు కొంచెం ముందు. అయినా ఒడ్డున ఇల్లు దొరికితే సముద్రం వైపు లైట్లు రాత్రంతా ఆర్పేయండి. వెలుగు చూస్తే తల్లి ఒడ్డు ఎక్కకుండానే తిరిగిపోతుంది. పిల్లలైతే వెలుగే సముద్రమనుకుని ఊరి వైపు పాకుతాయి. టార్చికి ఎర్ర కాగితం రెండు పొరలు చుట్టండి. తాబేలు కనపడితే అక్కడే కూర్చుండిపోవాలి. గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా కదలొద్దు. ఎదురుగా వెళ్లొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు. ఒక గూట్లో వందకి అటూ ఇటూగా గుడ్లుంటాయి, పొదగడానికి 45 నుంచి 60 రోజులు. గూడు కనపడితే తవ్వి చూడకుండా అటవీశాఖ వాళ్లకి చెప్పండి, వాళ్లు హేచరీకి, అంటే గుడ్లు కాపాడి పొదిగించే చోటికి, తరలిస్తారు. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువది, గుడ్డు ముట్టుకున్నా కేసే.

వంటసామాను గారి మాటకి ఒక తోక తగిలిస్తాను. చేప పేగులు, పీత డిప్పలు పెరట్లో పారేయకండి. ఆ వాసనకి కుక్కలు, నక్కలు చేరతాయి. అవి మరిగాక అదే దారిన తీరానికెళ్లి గూళ్లు తవ్వుతాయి. మూతున్న బకెట్లో వేసి పొద్దునే ఇంటివాళ్లకి అప్పజెప్పండి, కొబ్బరి మొక్కల పాదులో లోతుగా పూడ్చుకుంటారు.

భాగ్యనగరం_బాటసారి | డిసెంబరు 6, సాయంత్రం 7.40

అందరికీ దణ్ణాలు. యానాం దగ్గర మకాం ఖాయం. మొదటి రోజు కోరంగి, రెండో రోజు సాయంత్రం పోటుకి కుంభాభిషేకం, అమావాస్య నాడు వంతెన దాటి కోనసీమ. సరేనా? వాన తుపాను భయం ఉంటుందా?

పాత_సరంగు | డిసెంబరు 6, రాత్రి 8.25

భయపడాల్సింది అక్టోబరు, నవంబరు. 1996లో కోనసీమని ఊడ్చిన తుపాను నవంబరు 6న వచ్చింది. జనవరిలో అరుదు, అయినా బయల్దేరే ముందు వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. కాకినాడ రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగిరితే ఈదురుగాలులు రేవుకే వస్తున్నాయని అర్థం, పడవ మాట ఎత్తొద్దు. ఒకటో నంబరు దూరపు హెచ్చరికే గానీ మొగ వైపు మాత్రం వెళ్లొద్దు. వరదల గొడవ జూలై నుంచి సెప్టెంబరు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక ఇస్తారు, అప్పుడు లంకల్లో దారులు మునగడం మొదలు. మీకు ఆ బెంగ లేదు.

ప్లానులో ఒక్క మార్పు. రెండో రోజు సాయంత్రం పోటు అన్నారు, పట్టిక చూశారా? చీకటి పడ్డాక నిండేట్టుంటే వెలుతురుండగా నీరు ఎక్కే గంటలకే వెళ్లి సరిపెట్టుకోవాలి, లేదా పొద్దుటి పోటుకి వెళ్లి ఎదురెండ భరించాలి.

పిట్టల_డైరీ | డిసెంబరు 6, రాత్రి 8.50

పొద్దున వెళ్లాల్సి వస్తే ఒడ్డు వెంట ఉత్తరానికో దక్షిణానికో తిరిగి కూర్చోండి, వెలుతురు పక్కనుంచి పడుతుంది. తిరిగొచ్చాక దుర్భిణి అద్దాలు పొడి గుడ్డతో తుడవకండి, ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. ముందు ఊదే బల్బుతో గాలి కొట్టి, డబ్బా నీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డ అద్ది, అప్పుడు తుడవండి. బోరు నీళ్లు వద్దు.